తెల్లజుట్టు వల

ఆ ఉదయం కొర్రగంజి, ఉప్పుచేప తిని దెఫూ పడవ తీశాడు. చైనాలోని యాంతాయ్ రేవు బయట లంగరేసిన విదేశీ ఓడలకు సరుకు చేరవేయడం అతని పని. అతని భార్య చున్‌యాన్ గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని మనిషి వెంట్రుకలతో తలవల అల్లుతోంది. ఆ వలలు ఓడలెక్కి పోయి, ఎక్కడెక్కడి దొరసానుల కొప్పుల మీదో కూర్చుంటాయి. వీధిలో సగం ఇళ్లలో ఇదే పని.

అత్తగారు లువాన్ అవ్వ లోపలి గదిలోంచి ఒక గుడ్డసంచి పట్టుకుని వచ్చింది.

"ఇది తేలికైందేమే?"

చున్‌యాన్ చేతిలో సూది ఆగింది. దువ్వెనకు ఊడివచ్చిన ప్రతి వెంట్రుకనూ అవ్వ ఇరవై ఏళ్లుగా ఆ సంచిలో దాచుకుంటోంది. కన్నవాళ్లిచ్చిన ఒంటిలో ఏదీ పోగొట్టుకోకుండా, అన్నీ తనతోపాటు శవపేటికలో పెట్టించుకోవాలని ఆమె కోరిక.

"నేనే తీశాను అత్తయ్యా. తెల్లవి మాత్రమే."

"అడక్కుండానా?"

"అడిగితే ఇవ్వరుగా."

"ఇవ్వనని తెలిసి తీస్తే దాన్నేమంటారో మీ పుట్టింట్లో నేర్పలేదా?"

చున్‌యాన్ తల వంచుకుని జరిగింది చెప్పింది. తెల్లవెంట్రుక పెళుసనీ, దానితో వల అల్లగల ఆడది ఈ రేవులో లేదనీ వలలు కొనే గుమాస్తా అన్నాడు. అల్లి చూపిస్తే పనిశాలలో ఆడపిల్లలకు నేర్పే పంతులమ్మగా పెట్టుకుంటానన్నాడు. ఆమె పంతం పట్టి అల్లింది. కొండమీది కస్టమ్స్ దొర తల్లి, ఈ మధ్యే ఓడ దిగిన ముసలామె, గుమాస్తా దగ్గర ఆ వల చూసి ముచ్చటపడి పట్టుకుపోయింది.

"అయితే నా జుట్టు పరాయిదాని నెత్తిమీద ఊరేగుతోందన్నమాట. రేపు పైకి పోయాక మా అమ్మకేం చెప్పను? అది తిరిగి తెస్తావా, నన్ను నా కూతురింటికి పొమ్మంటావా?"

"తెస్తాను. పంతులమ్మ పని పోతే పోనీండి."

"నేనూ వస్తా."

"చిన్నప్పుడే కట్లు కట్టి కుదించిన పాదాలు మీవి, కొండెక్కలేరు అత్తయ్యా."

"పక్కింటి గాడిదకు కాళ్లు బాగానే ఉన్నాయి. వెళ్లి అడుగు. అడగడమంటే ఎలాగో నేర్చుకున్నట్టూ ఉంటుంది."

కొండమీద వరండాలో దొర తల్లి కూర్చుని ఉంది. ఆ ఇంటి వంటవాడు ఈ ఊరివాడే. అవ్వ చెప్పిందంతా ఆమెకు ఆమె భాషలో చెప్పాడు. ముసలామె ముఖం చిన్నబోయింది. పిన్నులు తీసి వల చేతిలోకి తీసుకుంది. పలచటి తెల్లజుట్టు భుజాల మీద పడింది. సముద్రపు గాలి దాన్ని చెల్లాచెదురు చేస్తుంటే, ఒక చేత్తో అదుముకుంటూ రెండో చేత్తో వల అందిస్తూ ఏదో అంది.

"ఏమంటోంది?" అంది అవ్వ.

"తెలియక తీసుకున్నాను, మన్నించమంటోంది. ఈ గాలికి జుట్టు నిలవక, వచ్చిన దగ్గర్నుంచీ గడప దాటలేదట. ఇది దొరికాకే నలుగురిలోకి వచ్చిందట."

అవ్వ చెయ్యి తన తలకట్టు మీదికి పోయింది. దాని కింద తన జుట్టూ అంతే.

"కదలొద్దని చెప్పు," అంటూ మెట్లెక్కింది. ఆ జుట్టంతా పోగుచేసి ముడి చుట్టి, వల తొడిగి పిన్నులు గుచ్చింది. "ఇంతకుముందు ఎవరు పెట్టారోగాని వంకరగా పెట్టారు."

దొరసాని అవ్వ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

దిగేటప్పుడు చున్‌యాన్ గాడిద తాడు పట్టుకుని ఏడుస్తూ నడిచింది.

"ఏడుపాపు. గాడిద బెదురుతుంది."

"అది మీకెంత ముఖ్యమో తెలిసి కూడా తీశాను అత్తయ్యా. తప్పయింది."

"తప్పే. ఇకమీదట అడుగు, ఇస్తాను."

"మరి మీ అమ్మగారికి?"

"చెప్తాలే. పోగొట్టలేదమ్మా, ఒక ముసల్దాన్ని గాలి ఏడిపిస్తుంటే ఇచ్చానని. మా అమ్మ నాకంటే మెత్తన."

చున్‌యాన్‌కు దుఃఖం ఇంకా పొంగుకొచ్చింది. అత్తగారి చీలమండ పట్టుకుని కాసేపు అలాగే నడిచింది. అవ్వ వద్దనలేదు.

వీధిలోకి రాగానే, గాడిద కోసం కాచుకునున్న పక్కింటామె అడిగింది. "పొద్దున్నే ఎక్కడికెళ్లారు పిన్నీ?"

"మా కోడలి పనితనం చూడ్డానికి," అంది అవ్వ, గాడిద మీద నిటారుగా కూర్చుని. "పనిశాలలో పంతులమ్మ కాబోతోంది. మీ పిల్లని కూడా పంపు, నేర్పుతుంది."