చక్రం వెనకవైపు

"దీన్నేమైనా ఎలకలు కొరికాయా?" అన్నాను, చక్రం అంచు మీద వేలు పెట్టి.

తూవాతో నేనన్న మొదటి మాట అదే. ఇంతకంటే మంచి మాట దొరకలేదట్రా నీకు అని మూడేళ్ళుగా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

"ఎలకలు కాదు, ఫుట్‌పాత్. వచ్చినవాళ్ళందర్నీ ఇలాగే పలకరిస్తారా?"

"చక్రాల్ని ఇలా హింసించేవాళ్ళని మాత్రమే."

తూవా ఫిజియోథెరపిస్టు. మా యేవ్లె ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళ చేత నాలుగడుగులు వేయిస్తుంది. వాళ్ళు కిటికీ దగ్గర కాచుక్కూర్చుంటారని కంగారుగా కారాపి, చక్రాన్ని రాతి అంచుకి రాసేస్తుంది. గరుకు కాగితంతో రుద్ది, గీతలు పూడ్చి, వెండి రంగు వేసి, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు తినెయ్యకుండా పైన గాజులాంటి పూత పూయడం నా పని.

మా షెడ్డులో చక్రాలకి అరలుంటాయి. ఏప్రిల్లో, మంచు మీద జారకుండా వేసిన మేకుల టైర్లు విప్పి వేసవి చక్రాలు, అక్టోబరులో అవి విప్పి మళ్ళీ మేకులవి. విప్పినవి ఆర్నెల్లు మా దగ్గరే నిద్రపోతాయి. కాబట్టి తూవా ఏడాదికి రెండుసార్లు వచ్చేది. మధ్యలో ఏదైనా గీరుకుపోతే మూడోసారి. ఆ గీత చూసి పైకి విసుక్కునేవాణ్ణి, లోపల మాత్రం పండగే.

మిగతా రోజులన్నీ ఆమె పేరున్న అర ఎదురుగా కూర్చుని కాఫీ తాగేవాణ్ణి.

"ఒరేయ్ యెస్పెర్, ఆ రబ్బరుని అలా చూస్తే కరుగుతుందేమోరా! ఆ పిల్లకి ఫోనుంది, నీకూ ఫోనుంది," అనేది మా యజమానురాలు గున్నెల్.

"ఏమని చెయ్యను? చక్రాలు క్షేమంగా ఉన్నాయనా?"

మా ఊరి మగాళ్ళకి మనసులో మాట నోటిదాకా రావడానికి ఒక చలికాలం పడుతుంది. నాకు మూడు పట్టాయి, అయినా రాలేదు.

కిందటి అక్టోబరులో తూవా వచ్చి, "ఈసారి నాలుగు వేసవి చక్రాలూ కొత్తవాటిలా చేసివ్వు. నాతో తీసుకెళ్ళిపోతాను," అంది.

"ఎక్కడికి?"

"అర్విద్స్‌యౌర్. ఉద్యోగం అక్కడ. ఇక్కడినుంచి ఉత్తరంగా ఆరువందల కిలోమీటర్లు." నా మొహంలోకి చూసింది. "ఏమైనా అంటావా?"

"అక్కడ ఉప్పు తక్కువ చల్లుతారు. పూత ఎక్కువకాలం ఉంటుంది," అన్నాను.

"అంతేనా?"

"చక్రాలు మార్చిన వంద కిలోమీటర్లకి, బోల్టులు మళ్ళీ బిగించుకో."

ఆమె నవ్వలేదు. బయట సన్నగా వాన పడుతోంది. టోపీ కిందికి లాక్కుని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు ఆ చక్రాల మీద ప్రాణం పెట్టి పనిచేశాను. చక్రం వెనకవైపు, కారుకి ఆనేచోట మాత్రం రంగు పడకూడదు. పడితే బోల్టులు వదులవుతాయి. అందుకే అక్కడ కాగితం అంటించి, చివర్లో పీకేస్తాం. ఆ ఖాళీ లోహం మీద ఏది ముందుదో, ఏది వెనకదో పసుపు మైనపు పెన్సిలుతో రాస్తాం. "ముందు, ఎడమ" అని రాసి, చెయ్యి ఆపలేకపోయాను. కింద ఇంకో ముక్క రాశాను. నాలుగింటి మీదా వేర్వేరుగా రాశాను. ఎవడో మెకానిక్ చూస్తాడు, నవ్వుకుంటాడు, అంతేగా అనుకున్నాను. సంచుల్లో కట్టి ఆమె కారులో పెట్టాను.

ఆ చలికాలం ఎలా గడిచిందో అడక్కండి.

ఏప్రిల్ వచ్చింది. అందరూ చక్రాలు మార్చుకున్నారు. ఫోను మోగిన ప్రతిసారీ పరిగెత్తాను. నెలాఖరుకి ఆశ చచ్చిపోయింది. ఆమె చదివింది, జవాబివ్వడం ఇష్టంలేక ఊరుకుంది అనుకున్నాను. ఆమె అర మీది పేరు నా చేతులతోనే గీకేశాను.

"ఏం చేస్తున్నావురా?" అంది గున్నెల్.

"ఏప్రిల్ అయిపోయింది కదా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అక్కడ ఇంకా మోకాలిలోతు మంచు. మే సగం దాటితేగానీ వాళ్ళు సంచులు విప్పరు."

మూడేళ్ళు చక్రాలవాడినై ఉండి, ఆ ముక్క నాకు తట్టలేదు! పేరు మళ్ళీ రాశాను.

మే చివరి శనివారం మధ్యాహ్నం తూవా కారు షెడ్డు ముందు ఆగింది. పరిగెత్తుకుంటూ బయటికొచ్చాను. తర్వాత నా చూపు కిందికి దిగింది. మూడు చక్రాలు వెండిలా మెరుస్తున్నాయి. నాలుగోది నల్లటి మేకుల టైరు.

"నీకేమైనా పిచ్చా?" అని అరిచాను. "మూడు వేసవివి, ఒకటి చలికాలంది! మలుపులో కారు తిరగబడితే?"

"ఆరువందల కిలోమీటర్లు మెల్లగా నడుపుకుంటూ వస్తే, నువ్వడిగేది ఇదా?"

"నాలుగోది ఏమైంది?"

డిక్కీ తెరిచింది. చక్రం బోర్లా పడుకుని ఉంది, వెనకవైపు పైకి.

"మెకానిక్ దగ్గరికి వెళ్ళలేదు, నేనే మార్చాను," అంది. "మొదటిదాని మీద, నువ్వొచ్చే రోజుకోసం ఆర్నెల్లు లెక్కపెడతాను, అని ఉంది. రెండోదాని మీద, నీ అర చూస్తూ కాఫీ తాగుతాను, అని. మూడోది చదివి నవ్వాను. గీతలు పడితే సంతోషిస్తావా, దొంగా? ఆ మూడూ బిగించేశాను. ఇది బిగించడానికి చేతులు రాలేదు. బిగిస్తే ఈ మాట మళ్ళీ ఎవరికీ కనపడదు కదా."

పసుపు అక్షరాలు చెక్కుచెదరలేదు. వాటిని చూసేసరికి నా చెవులు వేడెక్కాయి.

"అయితే నేను బిగిస్తాను, ఇటివ్వు."

"ఇవ్వను. ముందు నోటితో చెప్పు. ఒకసారి చెప్పావంటే, తర్వాత దీన్ని బిగించి ఈ మాట లోపల దాచేసినా ఫర్వాలేదు."

గున్నెల్ లోపల రేడియో ఆపేసింది. ముసలిది వింటోందని తెలుసు. వింటే విననీ అనుకున్నాను.

"నువ్వంటే నాకు ప్రేమ, తూవా. మొదటి రోజునుంచీ."

"ఎలకలన్న రోజునుంచా?"

"ఆ రోజునుంచే."

ఆమె కళ్ళు తడిగా మెరిశాయి. నా జేబులోంచి పసుపు పెన్సిలు లాక్కుని, నా అక్షరాల కింద ఏదో రాసింది. వంగి చదివాను.

"అక్టోబరు దాకా ఆగొద్దు."

చక్రం ఎత్తి బిగించాను. ఐదు బోల్టులు బిగించడానికి నాకు ఎప్పుడూ అంతసేపు పట్టలేదు.