బోధన్ క్లబ్బులో విరిగిన క్యూ

నిజామాబాద్ కంఠేశ్వర్ గుడి వెనక సందులో, మందుల దుకాణం మీది గదిలో ఉంటుంది డిటెక్టివ్ ముత్తన్న ఆఫీసు. ఆ మధ్యాహ్నం ఆయన సహాయకుడు భోజన్న టిఫిన్ గిన్నె విప్పి మొదటి రొట్టె తుంచాడో లేదో, మెట్ల మీద ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడైంది. ముత్తన్న కొలువులో చేరాక వేళకు తినే యోగం తనకు లేదని భోజన్న ఎప్పుడో రాజీపడ్డాడు. నిట్టూర్చి గిన్నె మూసేశాడు.

వచ్చిన మనిషికి నలభై దాకా ఉంటాయి. ఇస్త్రీ చొక్కా నిండా బస్సు దుమ్ము. కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు, మరుక్షణం లేచి నిలబడ్డాడు.

"నా ఇజ్జత్ కాపాడాలె సాబ్. నా పేరు రాజారాం. హైదరాబాద్‌ల స్నూకర్ ఆడుత. గదే నా రోజీ, గదే నా రోటీ. సాయంత్రం అయిదు దాటితే నన్ను ఏ క్లబ్బు గడప కూడ తొక్కనియ్యరు."

పచ్చబట్ట పరిచిన పెద్ద బల్ల మీద రంగు బంతుల్ని క్యూ అనే కట్టెతో కొట్టి సంచుల్లో పడేసే ఆ ఆటను భోజన్న ఒకసారి నిజామాబాద్ క్లబ్బు కిటికీలోంచి చూశాడు. ఆ చలికాలం జిల్లా అంతా ఆ మాటే. ఇందూరు స్నూకర్ సిరీస్ అని పేరు పెట్టి ఊరూరి క్లబ్బుల్లో పోటీలు ఆడించారు. ఆఖరి ఆట ఆ రోజు సాయంత్రం బోధన్‌లో. గెలిచినవాణ్ణి ఏడాది పాటు జీతమిచ్చి దేశంలోని క్లబ్బులన్నీ తిప్పుతారు. ఆఖరికి మిగిలింది ఇద్దరు: ఈ రాజారాం, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పాకం పట్టే దేవిదాస్.

"పొద్దున ఆడి, దేవిదాస్ తన క్యూ బల్ల పక్కన పెట్టి పోయిండట. పగటీలి సూస్తే రెండు ముక్కలు! నేను వరండాల ఒక్కన్నే కూసున్న. ఇంకేముంది, నా మీద పడ్డరు. ఆ హాల్‌ల నేను అడుగు పెట్టలే సాబ్!"

"అనుమానం ఊరికెనే రాదు కద," అన్నాడు ముత్తన్న. "ఈ సిరీస్ మీద మీ అభిప్రాయమేంది?"

మనిషి పరువు పోతుంటే ఈయన అభిప్రాయాలు అడుగుతాడేమిటని భోజన్నకు చిరాకేసింది.

రాజారాం తల దించుకున్నాడు. "రాత్రి బువ్వ కాడ అందరి ముందటనే తిట్టిన. దేవిదాస్ కూడ ఉండె. ఒక ఊర్ల బల్ల ఒంకర, ఇంకో ఊర్ల బట్టకు సిల్లులు. ప్లాట్‌ఫారాల మీద పండుకునుడు. పదేండ్లు గిట్లనే తిరుగుతున్న. ఇంటికి పోతే నా బిడ్డ నన్ను సూసి తలుపు సాటుకు దాసుకుంటది, ఎవరో పరాయోడు వచ్చిండని. గీ సిరీస్ మీద మన్ను పొయ్య అన్న. అన్నది నిజమే. కని గదీ లేకపోతే నేనేం తినాలె?"

ముత్తన్న గోడ మీది కోటు అందుకున్నాడు.

బోధన్‌లో బస్సు దిగేసరికి ఫ్యాక్టరీ పొగగొట్టం గుప్పుగుప్పున నల్లటి మసి కక్కుతోంది. చెరుకు ఆడే కాలంలో ఆ ఊళ్లో ఆరేసిన బట్ట తెల్లగా ఇంటికి రాదు. రోడ్డు వారన చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. క్లబ్బు ప్రహరీని ఆనుకుని కదులుతున్న బండి మీది రైతును దారి అడిగితే, ఆయన మీసం దువ్వుకున్నాడు.

"గదే క్లబ్బు. మా దేవిదాస్ ఆట సూడనీకే వచ్చిండ్రా? నేను ఆని మేనమామను, కాశయ్యను. నేను గూడ సూద్దుమనుకున్న. రేపటి దాకా బండి ఈడనే ఉంటది గద అనుకుంటి. గిప్పుడే చెరుకు తూచే రెండో కాంటా తెరిసిండ్రు, లైన్ ఉరుకుతున్నది!"

క్లబ్బు హాలులో సెక్రెటరీ హన్మంత్‌రావు పులిలా పచార్లు చేస్తున్నాడు. రాజారాంను చూడగానే ఇంతెత్తున లేచాడు. "పారిపోయినవనుకున్న! అయిదింటికి అందరు వస్తరు. అందరి ముందట పేరు కొట్టేస్త."

"అయిదు దాకా టైమున్నది కద సార్," అన్నాడు ముత్తన్న నెమ్మదిగా. "ముందు ఆ క్యూ చూపెట్టుండ్రి."

ఫ్యాక్టరీ కార్మికులంతా తలా కొంత వేసుకుని దేవిదాస్‌కు కానుకగా ఇచ్చిన క్యూ అదేనన్నారు. ఇప్పుడు మధ్యకు విరిగి కుర్చీలో పడి ఉంది. ముత్తన్న ముక్కల్ని తిప్పి చూసి, కొనన ఉన్న తోలు బిళ్ళ మీద బొటనవేలితో రుద్దాడు. బిళ్ళ పాత చొక్కా గుండీలాగా గట్టిపడి నున్నగా మెరుస్తోంది. వేలికి ఏమీ అంటలేదు. ఆయన ఆ వేలును భోజన్నకు కూడా చూపించాడు. శుభ్రంగా ఉన్న వేలిలో చూడాల్సిందేమిటో భోజన్నకు బోధపడలేదు.

బల్లను కనిపెట్టుకుని ఉండే లింగం చేతులు కట్టుకుని చెప్పాడు. "పొద్దటి ఆట అయినంక బల్ల బట్టకు ఇస్త్రీ చేసిన సార్. వేడి చల్లారాలె కద, గట్లనే ఇడిసి బువ్వకు పోయిన. వచ్చి సూస్తే కింద క్యూ ఇరిగి ఉన్నది. నా పానం పోయింది. బల్ల గూడ ఖరాబ్ చేసిండ్రేమోనని ముసుగు గుంజి సూసిన. దేవుని దయ, బట్ట మంచిగనే ఉన్నది."

"కిటికీ?"

"తెరిసే ఉండె సార్, గాలికి. గప్పటికే కిటికీ అంచు మీద మసి గింత పడ్డది."

దేవిదాస్ ఆ కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు. ముప్పై లోపు కుర్రవాడు, ముఖం పాలిపోయింది. బయట రోడ్డు వైపు చూస్తాడు, వచ్చి కూర్చుంటాడు, మళ్లీ లేచి కిటికీ దగ్గరకు పోతాడు. పాపం, ప్రాణమంత క్యూ పోయిందని భోజన్న జాలిపడ్డాడు.

"మీకెవరి మీద అనుమానం?" అని అడిగాడు ముత్తన్న.

"ఎవ్వరి మీద లేదు సార్. రాజారాం అన్న చేసిండని నేను అనలే."

"చేయలేదని కూడ అనలేదు కద. సరే, ఈ సిరీస్ మీద మీ అభిప్రాయమేంది?"

"మంచిదే సార్," అన్నాడు దేవిదాస్ కిటికీలోంచి కళ్లు తిప్పకుండా. "అందరు మంచిదే అంటున్నరు."

ముత్తన్న చాయ్ తాగొస్తానని బయటకు పోయాడు. గడియారం ముందుకు పోతోంది, ఈ మనిషి రాడు. భోజన్న గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. జనం వచ్చి బెంచీలు నిండుతున్నాయి. రాజారాం వంక చూసే చూపులు మంచివి కావు. అయిదు కావస్తుండగా ముత్తన్న తిరిగొచ్చాడు. కోటుకు చెరుకు ఆకు ముక్కలు అంటుకుని ఉన్నాయి. చాయ్ తాగడానికి చెరుకు తోటలోకి పోవాలా అని భోజన్న అనుకున్నాడు గానీ, పైకి అడగలేదు.

"అందరు కూసోండ్రి," అన్నాడు ముత్తన్న. "నింపాదిగ మాట్లాడుకుందాం. హన్మంత్‌రావు సార్, అందరికి చాయ్ చెప్తరా?"

"చాయేంది! సంగతి చెప్పుండ్రి!"

"చెప్త. లింగం బల్ల మీద ముసుగు కప్పకుండ పోయిండు. తిరిగొచ్చి ముసుగు గుంజి చూసిండు. నడుమ కప్పిందెవరు?"

లింగం నోరు తెరిచాడు. ముసుగుతోనే రోజంతా బతికేవాడు, దాని సంగతే ఆలోచించలేదు.

"క్యూ విరగ్గొట్టెటందుకు దొంగతనంగ వచ్చినోడు, ఎవరన్న చూస్తరని గుండె కొట్టుకుంటున్నోడు, ఆగి బల్లకు ముసుగు ఎందుకు కప్పుతడు? కిటికీల నుంచి మసి వస్తున్నది గనుక. ఈ ఊర్ల పుట్టి పెరిగినోని చెయ్యి, సీజన్ల మసి కనపడితే మనసు చెప్పకముందే గుడ్డ గుంజి కప్పుతది. రాజారాంకు ఆ అలవాటు యాడిది? చూడుండ్రి, నల్ల రేకులు ఆయన భుజాల మీదనే పడ్డయి. దులుపుకుందామన్న సోయి కూడ లేదు."

అందరూ రాజారాం చొక్కా చూశారు. దేవిదాస్ కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"ఊరోడే అనుకుందాం. ఇంకో సంగతి. ఆటగాడు క్యూ కొనకు చాక్ పొడి రుద్దుకుంటనే ఉంటడు. పొద్దున ఆడిన క్యూకు ఆ పొడి ఉండాలె. ఈ విరిగిన క్యూకు లేదు. దీంతోని ఏండ్ల సంది ఎవ్వరు ఆడలే. ఏ మూలకో పడి ఉన్న పాతది ఇది. చూడనీకే దేవిదాస్ క్యూ లెక్కనే ఉన్నది. మరి అసలుది యాడుంది? ఏం తొందర లేదు, ఆలోచించుకోండ్రి. లింగం, చాయ్ వచ్చిందా?"

బయట బండ్ల చక్రాలు కిర్రుమన్నాయి. ఎవరో "నడువ్, నడువ్!" అని ఎద్దుల్ని అదిలించారు. దేవిదాస్ నుదుటి మీద చెమట కారుతోంది.

"కాశయ్య బండి కాంటా దాటినట్టున్నది," అన్నాడు ముత్తన్న గాలితో మాట్లాడుతున్నట్టు. "ఇగ చెరుకు మిషన్ల పడుడే."

"ఆపుండ్రి!" అని అరిచి దేవిదాస్ బెంచీలు దాటుకుంటూ తలుపు వైపు ఉరికాడు. భోజన్న అడ్డం పడబోయాడు.

"ఉరకకు తమ్మీ," అన్నాడు ముత్తన్న. తలుపు మూల నుంచి గోనెసంచి చుట్టిన పొడుగాటి వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టి విప్పాడు. మెరుగుపోని క్యూ. కొనకు చాక్ పొడి చెక్కుచెదరలేదు. "నీ చూపు రోడ్డు మీది నుంచి కదలకపోతే అనుమానమొచ్చి పోయి చూసిన. మీ మామ బండ్ల చెరుకు నడుమ దొరికింది. ఆయనకు ఏం తెల్వదు."

దేవిదాస్ దాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకుని నేల మీద కూలబడ్డాడు.

"గెలుస్తనని భయమైంది సార్," అన్నాడు. "గెలిస్తె కొలువు ఇడిసి ఏడాదంత తిరగాలె. రాత్రి రాజారాం అన్న తన బిడ్డ సంగతి చెప్తుంటె నాకు బువ్వ దిగలే. నా బిడ్డ ఇప్పుడిప్పుడే బాపు అంటున్నది."

"రాను అని చెప్పకపోతివా!" అన్నాడు హన్మంత్‌రావు.

"యెట్ల చెప్పాలె? ఫ్యాక్టరీ అంత కలిసి కట్టె కొనిచ్చిండ్రు."

"పోనీ, ఓడిపోవద్దా?"

"ఆర్మూర్‌ల కోషిష్ చేసిన సార్. చెయ్యి వినలే. క్యూ ఇరిగితె ఆట ఆగిపోతదనుకున్న. దీన్ని ఇరగ్గొట్టనీకే చేతులు రాలే. గందుకే పాతది ఇరగ్గొట్టి, దీన్ని మామ బండ్ల దాసిన. అన్న మీద పడుతరని అనుకోలే. పడ్డంక నోరు పెగల్లే. గదే నా తప్పు." అతడు రాజారాం కాళ్ల వైపు వంగబోయాడు.

రాజారాం అతని భుజం పట్టి లేపాడు. కోపంతో ముఖం ఎర్రబడే ఉంది. "నా బతుకు ముంచబోతివి కదరా. తీయి కట్టె. ఆడు. ఊకెనే వచ్చిన పేరు నాకొద్దు."

ఆడారు. మనసులో మాట బయటపెట్టాక గెలిస్తే పోవాలన్న భయం తీరిపోయిన దేవిదాస్ ఆ సాయంత్రం ఆడిన ఆట గురించి బోధన్‌లో చాన్నాళ్లు చెప్పుకున్నారు. బంతి అతని మాట విన్నది. ఆఖరి నల్ల బంతి సంచిలో పడగానే హాలు దద్దరిల్లింది. దండ పట్టుకుని వచ్చిన హన్మంత్‌రావుతో అతడు గట్టిగా, అందరికీ వినిపించేలా, తాను రాలేనని చెప్పాడు. తన వంతు రాజారాంకు ఇవ్వమన్నాడు. కాసేపు గుసగుసల తర్వాత ముందు కార్మికులే చప్పట్లు కొట్టారు.

జనం పోయాక దేవిదాస్ అలవాటుగా ముసుగు గుడ్డ విప్పి బల్ల మీద పరచసాగాడు. రాజారాం వచ్చి రెండో కొస అందుకున్నాడు.

"సూసిండ్రా సాబ్," అన్నాడు ముత్తన్నతో. "గెలిచినోడు ఇంటికి పోతున్నడు. ఓడినోడు రైలెక్కుతున్నడు."

కిటికీలోంచి మసి రాలుతూనే ఉంది. ఆటగాళ్లిద్దరూ చెరో పక్క నిలబడి ముసుగు అంచులు సరిచేశారు.