ముందే పెట్టిన అన్నం

బుధవారం పొద్దున్నే టైలరమ్మ కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసింది. బుధవారమంటే చెల్లెలు వచ్చే రోజు. భర్త వదిలేసి పోయాక ఆ చెల్లెలు మంచం దిగని దిగులులో పడితే, పిల్లల సంక్షేమ శాఖ సోషల్ వర్కర్ ఆమె కూతురు చిట్టిని తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టింది. ఇప్పుడు చెల్లెలు కోలుకుంది, పనిలోనూ చేరింది. పిల్లను తల్లి దగ్గరికి పంపాలా వద్దా అన్నది ఈ బుధవారాల్లోనే తేలాలి.

"ఇంకొక్క ముద్ద. నా తల్లివి కదూ."

"పొట్ట పగిలిపోద్ది పెద్దమ్మా."

"వాళ్లొచ్చాక ఆకలని పేచీ పెడితే ఏం బాగుంటుంది? తినెయ్."

బస్సు డ్రైవరు అయిన ఆమె భర్త ఆ రోజు సెలవులో ఉన్నాడు. "పిల్లనుకున్నావా, దూది కుక్కే దిండనుకున్నావా?" అని నవ్వాడు. టైలరమ్మ నవ్వలేదు.

సోషల్ వర్కర్ మేడమ్‌తో కలిసి చెల్లెలు వచ్చింది. ఎప్పటిలాగే కూతురి కోసం డబ్బా తెచ్చింది. గుడ్డు ముక్కలు చేసి నోటికి అందిస్తే చిట్టి మొహం తిప్పేసుకుంది. బొమ్మ చూపిస్తే ఆవలించింది. కాసేపటికి లేచి వెళ్లి పెద్దమ్మ ఒళ్లో నిద్రపోయింది.

మేడమ్ రిపోర్టు రాయబోతూ నిట్టూర్చింది. "ప్రతివారం ఇదే వరస. పిల్లకి మీ దగ్గర చనువు రావట్లేదమ్మా. ఇప్పట్లో పంపమని నేను చెప్పలేను."

చెల్లెలు డబ్బా మూత పెట్టింది. "నాకే చేతకావట్లేదేమో. అక్కా, దాన్ని నువ్వే ఉంచుకో."

పిల్లల్లేని టైలరమ్మ ఆ మాట కోసం ఎంతమంది దేవుళ్లకు మొక్కిందో. తీరా వినేసరికి సంతోషం రాలేదు. ఒళ్లో పిల్ల ఒక్కసారిగా బరువెక్కినట్టనిపించింది.

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, అడిగేస్తా. మామూలు రోజుల్లో మధ్యాహ్నం దాటితే గానీ అన్నం తినని పిల్లకి, బుధవారం మాత్రం పొద్దున్నే ఎందుకు పెడతావు?"

"మీరు ఊరుకోండి. పిల్ల చిరాకు పడకూడదని..." ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. నిజంగా అందుకేనా? ఆమెకే అర్థం కాలేదు. మింగలేక కక్కలేక మేడమ్ వైపు తిరిగింది. "ఏం రాయకండి మేడమ్. ప్రతివారం మీరు రాకముందే దాని కడుపు నింపేస్తున్నా. ఇంక వాళ్లమ్మ పెడితే ఏం తింటుంది?"

చెల్లెలి కళ్లు ఎర్రబడ్డాయి.

"కావాలనే చేశావా అక్కా? నా కూతురికి నేనంటే అసహ్యమనుకుని ఇంటికెళ్లి ఎంత ఏడ్చేదాన్నో తెలుసా?"

"కావాలని చేశానో లేదో నాకే తెలీదే. మంచికే అనుకున్నా. కానీ అది నీ డబ్బా వద్దన్నప్పుడల్లా నాకు హాయిగా ఉండేది. ఆ మాట మాత్రం నిజం." టైలరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మేడమ్ చేతిలో కలం పక్కన పెట్టింది. "ఇది నేనూ అడగాల్సింది, అడగలేదు. పిల్ల లేచి ఆకలనే దాకా కూర్చుందాం."

చాలాసేపటికి చిట్టి లేచి కళ్లు నులుముకుంది. "పెద్దమ్మా, ఆకలేస్తోంది."

టైలరమ్మ చేతులు వాటంతటవే లేచాయి. వాటిని బలవంతాన ఒళ్లో పెట్టుకుంది. "అమ్మనడుగు బంగారం."

చిట్టి పెద్దమ్మను చూసింది, అమ్మను చూసింది. ఎటు పోవాలో తెలియక గది మధ్యలో నిలబడిపోయింది. చెల్లెలు పిలవలేదు, డబ్బా మూత మాత్రం తీసింది. పిల్ల మెల్లగా వెళ్లి ఆమె పక్కన కూర్చుని నోరు తెరిచింది. ఒక ముక్క నమిలి మొహం చిట్లించింది.

"అమ్మా, ఉప్పు లేదు."

చెల్లెలు ఏడుస్తూనే నవ్వింది. ఉప్పు కోసం లేవబోయిన టైలరమ్మ మళ్లీ కూర్చుంది.

"వంటింట్లో పై అరలో ఉందే. నువ్వే తెచ్చి వెయ్యి."