అషుర్‌బనిపాల్ తప్పులు

మోసుల్‌లో ఆ ఉదయం భూలక్ష్మి ఎక్కిన బస్సు మీద ఒక్క అక్షరమూ లేదు. దగ్గరకు రాగానే అది ఎక్కడికి వెళ్తుందో ఆమె చెవిలో తెలుగులో చెప్పింది. దుకాణాలు, మందుసీసాలు, కోర్టు నోటీసులు అన్నీ అలాగే మాట్లాడతాయి. కణత మీద పెసరగింజలా అతికి ఉండే శ్రుతిక, కంటి ముందుకొచ్చిన ఏ రాతనైనా, ఎదుటివాళ్ళ ఏ మాటనైనా మన భాషలోకి మార్చి వినిపిస్తుంది. అది వచ్చి అరవై ఏళ్ళు. మొదట చదవాల్సిన పని తప్పింది, తర్వాత రాయాల్సిన పని తప్పింది, చివరికి బళ్ళలో అక్షరాలు నేర్పడమే మానేశారు. జగిత్యాలలో పుట్టి నలభై నాలుగేళ్ళు నిండిన భూలక్ష్మికి తన పేరు రాస్తే ఎలా ఉంటుందో తెలియదు. తెలియనందుకు ఏనాడూ ఇబ్బంది పడిందీ లేదు.

ఆమె వేళ్ళకు మాత్రం గొప్ప పేరుంది. నినెవే గ్రంథాలయంలో ఆమెది అతుకుల పని. రెండువేల ఏడువందల ఏళ్ళ కిందట అస్సీరియాను ఏలిన అషుర్‌బనిపాల్ ఇక్కడ వేల కొద్దీ మట్టిపలకలు పోగుచేశాడు. శత్రువులు కోటకు నిప్పు పెడితే ఆ మట్టి కాలి మరింత గట్టిపడింది. పగిలిన ముక్కల్లో ఏ అంచు ఏ అంచుకు చెందిందో భూలక్ష్మి తడిమి చెప్పగలదు.

ఆమె ఇరవై మూడు ముక్కలు కలిపి నిలబెట్టిన పలకను ఆ రోజు పదకొండింటికి ప్రపంచమంతటికీ వినిపించబోతున్నారు. అంచున గురువు పెట్టిన గుర్తును బట్టి అది అషుర్‌బనిపాల్ యువరాజుగా ఉన్నప్పుడు రాసిన పాఠం. నాకు చదువొచ్చు, రాతొచ్చు అని గొప్పగా చెప్పుకున్న రాజు అతను. సింహాలను వేటాడే శిల్పాల్లోనూ నడుములో రాతపుల్ల దోపుకుని కనిపిస్తాడు. అలాంటివాడి చేతిరాత! గ్రంథాలయం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం.

పలకను పీఠం మీద పెడుతుంటే శ్రుతిక చదివింది: "నది నిండింది, పడవ కదిలింది. నది నిండింది, పడవ కదిలింది."

రెండు వరుసలూ ఒక్కలాగే వినిపించాయి. భూలక్ష్మి వేళ్ళు ఒప్పుకోలేదు. పై వరుసలో గాట్లు తేలికగా, సమంగా ఉన్నాయి. కింది వరుసలో లోతుగా దిగబడి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. రెండు చోట్ల తడిమట్టిని బొటనవేలితో చెరిపిన నున్నటి గుంటలు తగిలాయి.

"మేడం, శ్రుతిక అబద్ధం చెప్తున్నది," అంది గట్టిగా.

గ్రంథాలయ అధికారిణి నాహ్రీన్ తిరిగి చూసింది. మేకుల్లాంటి ఆ పాత రాతను కంటితో చదవగలిగినవాళ్ళు లోకంలో అరడజను మంది ఉంటే, ఆమె ఒకరు. ఆమె మాటల్ని శ్రుతిక జగిత్యాల యాసలోనే చెవిన వేసింది.

"ఏమంటున్నవ్ భూలక్ష్మీ? ఇరవై నిమిషాల్ల తలుపులు తీస్తున్నం."

"కింది వరుస రాసింది వేరే చెయ్యి మేడం. పైది గురువు రాసిచ్చిండు, కిందిది పిల్లగాడు దిద్దిండు. మస్తు తప్పులు వోయినయి. ఈడ చెరిపిండు, ఈడ మల్ల చెరిపిండు. ఇదేమో సాఫుగ చదువుతున్నది."

నాహ్రీన్ వంగి చూసింది. చూస్తూ చూస్తూ నోరు తెరిచింది. "నేను గూడ వినుడే విన్న. కండ్లతోని చూడనే లేదు."

శ్రుతికలో సవరణపొర ఒకటి ఉంటుంది. ఎవరి రాతలో తప్పున్నా చెవికి చేరేలోపు అది దిద్దేస్తుంది. తప్పన్నది వినక మనుషులకు అరవై ఏళ్ళయింది. నాహ్రీన్ ఆ పొర తీయించమనగానే శ్రుతిక కంపెనీ ప్రతినిధి అడ్డం వచ్చాడు.

"రాజు తడబడితే లోకం నవ్వుతుంది మేడం. ఈమె మాట పట్టుకుని తీయిస్తారా? ఏదైనా తేడా వస్తే ఈమె సాయంత్రం విమానం ఎక్కాల్సిందే."

భూలక్ష్మి పలక మీది చెయ్యి తీయలేదు. "తీయున్రి మేడం. ఆయన ఎంత తిప్పలవడ్డడో నా వేళ్ళకు తెలుస్తున్నది."

నాహ్రీన్ తీయించింది.

పదకొండింటికి తలుపులు తీశారు, హాలు నిండిపోయింది. గురువుగారి వరుస గంభీరంగా వినిపించింది. ఆ తర్వాత, ఒక మహాసామ్రాజ్యం వారసుడు మొదలుపెట్టాడు: "నది... నిం... నింది... నిండింది. పవడ... పవడ కది... పడవ!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది. నవ్వుతూనే ఒక ముసలామె చప్పట్లు కొట్టింది. "వచ్చేసింది! వాడికి వచ్చేసింది!" అని అరిచింది. జనం లేచి నిలబడ్డారు. ప్రతినిధి చెమట తుడుచుకుంటూ కూర్చుండిపోయాడు.

కార్యక్రమం అయిపోయినా ఎవరూ కదలలేదు. పలకను ఇంకోసారి వినిపించమని కాదు, తామూ రాసి చూస్తాం, తడిమట్టి కావాలని అడిగారు. నాహ్రీన్ పరుగున వెళ్ళి ముంగిట్లో మట్టితొట్లు పెట్టించి, రెల్లుపుల్లలు పంచింది. మధ్యాహ్నానికి వరుస వీధి మలుపు దాటింది. మర్నాటికి ఊళ్ళో మట్టి దొరకలేదు. వారం తిరిగేసరికి ఎన్నో దేశాల్లో జనం మా అక్షరాలు మాకు నేర్పండని బళ్ళ ముందు నిలబడ్డారు. శ్రుతిక తయారుచేసినవాళ్ళ లెక్కల్లో ఇలాంటి రోజు ఎక్కడా లేదు.

భూలక్ష్మికి వచ్చిన కష్టం వేరు. మోసుల్‌లో పనిచేసే తెలుగువాళ్ళు నలభై మంది పుల్లలు పట్టుకుని ఆమె చుట్టూ చేరారు. తెలుగు అక్షరం తెలిసినవాళ్ళు మాత్రం ఒక్కరూ దొరకలేదు. శ్రుతికను అడిగితే పలికి చూపించింది తప్ప, చెయ్యి పట్టి దిద్దించలేకపోయింది.

ఎనిమిదో రోజు పొద్దున అర్బీల్ బస్సు దిగి ఒక మనిషి తొట్టి దగ్గరికొచ్చాడు. అరవై దాటి ఉంటాయి. టైల్స్ పనిచేసే చేతులు, గోళ్ళ సందుల్లో తెల్ల సిమెంటు.

"నా పేరు ఆగయ్య. మాది కోరుట్ల," అన్నాడు మొహమాటంగా. "మా బడిల అక్షరాలు నేర్సిన ఆఖరి జమాతు మాదే బిడ్డా. నాకు గుణింతాలు గూడ యాదున్నయి. గిన్నేండ్ల సంది ఎవ్వలూ అడగలే."

భూలక్ష్మి జరిగి పక్కన చోటిచ్చింది. అందరూ మీద పడ్డట్టు వంగారు. ఆగయ్య మట్టిని అరచేత్తో చదును చేశాడు.

"మొదలు ఏం రాద్దాం?"

"మీ పేరు రాయున్రి పెద్దనాయినా," అంది భూలక్ష్మి. "ముందుగల్ల మిమ్ముల చదువుత."

ఆగయ్య పుల్ల పట్టుకుని మొదటి అక్షరం లోతుగా దింపాడు, తప్పు పోయిందని బొటనవేలితో చెరిపి మళ్ళీ మొదలుపెట్టాడు.