నేను అన్న మాట

మాది నోటి పని. ఎవరో ఒక భాషలో మాట్లాడుతుంటే, అదే వేగంతో ఇంకో భాషలో చెప్పాలి. మా అమ్మమ్మ నన్ను దుబాసీ అని ఏడిపించేది. సభాభవనం వెనక గోడలో కట్టిన అద్దాల గదిలో కూర్చుంటాను. రెండు కుర్చీలు, ఒక మైకు, నీళ్ళ సీసా. తలుపుకీ గోడలకీ మందపాటి మెత్తలు. లోపల గొంతు చించుకున్నా బయట ఒక్కరికీ వినపడదు.

ఈ పనికి ఒకటే నియమం. మాట్లాడే మనిషి 'నేను' అంటే మేమూ 'నేను' అనాలి. 'ఆయన ఇలా అంటున్నారు' అనకూడదు. ఇరవై ఏళ్ళలో ఎంతమంది 'నేను'లు నా నోట్లోంచి వెళ్ళాయో! ఒక్కటీ నాకు అంటుకోలేదనే అనుకున్నాను.

ఆ రోజు పట్టపగలే సభ. యుద్ధంలో మా పక్షాన పోరాడిన మిత్రదేశపు సైనికులకి కృతజ్ఞత చెప్పడానికి పెట్టారు. ముందు వరసలో చక్రాల కుర్చీలు, కట్లు కట్టిన తలలు. వాళ్ళ తర్వాత చనిపోయినవాళ్ళ తల్లులు, భార్యలు. అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు. అందరి చెవుల్లోనూ నా గొంతు.

వాళ్ళంటే నాకు ప్రాణం. మా తమ్ముడు కాలు పోగొట్టుకుని వాగు ఒడ్డున పడి ఉంటే, వాళ్ళలోనే ఒకాయన వీపు మీద మోసుకొచ్చాడు. వాణ్ణి దించి, ఇంకొకరి కోసం మళ్ళీ వాగు దగ్గరికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. "ముఖమైనా చూడలేదక్కా. మెడ వెనక బొత్తామంత మచ్చ ఒక్కటే గుర్తు" అని వాడు ఇప్పటికీ బాధపడతాడు.

ఆ పొద్దున్నే, సభలో మాట్లాడబోయే మా దేశ నాయకుడి కార్యదర్శి నా గదికొచ్చాడు. "మీరు మాటలు మెత్తబరుస్తారట. ఇవాళ ఒక్క ముక్క మారినా రేపటినుంచి రానక్కర్లేదు" అన్నాడు. తమ్ముడి మందులు నా ఉద్యోగం మీదే నడుస్తున్నాయి. కుక్కిన పేనులా కూర్చున్నాను.

నాయకుడు తనకి రాసిచ్చిన ప్రసంగం పక్కన పడేసి, నవ్వుతూ మొదలెట్టాడు. "వీళ్ళని నేను రమ్మన్నానా? వచ్చారు. మావాళ్ళు ముందు నిలబడితే వీళ్ళు వెనక నక్కారు. మరి ఇన్ని దెబ్బలు ఎలా తగిలాయో నాకు తెలీదు. పారిపోతూ పడ్డారేమో!"

నా నాలుక ఒక్క క్షణం ఆగింది. తమ్ముడు గుర్తొచ్చాడు. కార్యదర్శీ గుర్తొచ్చాడు.

చెప్పేశాను. ఉన్నదున్నట్టు, ఆ నవ్వుతో సహా.

ముందు వరసలో తలలు ఒక్కొక్కటే తిరిగాయి. వేదిక వైపు కాదు, నా అద్దం వైపు. వాళ్ళ భాషలో ఆ మాట అన్నది నేనే కదా. సిగ్గుతో చచ్చిపోయాను.

సభ అయిపోయినా నేను లేవలేదు. ఆ ముఖాలకి ఎదురుపడే ధైర్యం లేక, అందరూ వెళ్ళేదాకా తల వంచుకుని కూర్చున్నాను. హాల్లో దీపాలు ఆర్పేశారు. అప్పుడు లేచి తలుపు లాగాను.

రాలేదు.

రెండు చేతులతో లాగాను. ఊహూఁ. భుజంతో నెట్టాను. మెత్తలు నా బలాన్ని చప్పుడు లేకుండా మింగేశాయి. ఇంతలో వెనక మైకు మీద ఎర్రదీపం వెలిగింది. మీట నేను నొక్కలేదు.

తడిమట్టి వాసన వచ్చింది. దాంతోపాటు కాలిన గుడ్డ వాసన. బల్ల మీది హెడ్‌ఫోన్లో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. మైకులు చూసే మేస్త్రి అయితే తలుపు తీయమని చెప్పొచ్చని తీసి చెవులకి పెట్టుకున్నాను. పెట్టుకోకుండా ఉండాల్సింది.

"వెనక అంటే ఎక్కడ?" అంది ఒక మగ గొంతు. వాళ్ళ భాషలో.

చెవిలో మాట పడితే నా నోరు ఊరుకోదు. "వెనక అంటే ఎక్కడ?" అని మా భాషలో అనేశాను.

హెడ్‌ఫోన్ తీయబోయాను. తడిగా చెవులకి అతుక్కుపోయింది.

"నేను వాగు దగ్గర ఉన్నాను."

"నేను... వాగు దగ్గర ఉన్నాను."

"మీవాణ్ణి దించి, ఇంకొకడి కోసం వెళ్ళాను."

అదీ అన్నాను. ఆయనెవరో తెలిసింది. క్షమించమని అడగాలనుంది. కానీ ఆయన మాట్లాడుతుంటే నాకు సొంత మాట ఎక్కడిది?

"నా నోట్లో మట్టి."

"నా నోట్లో మట్టి..." పళ్ళ మధ్య కరకరలాడింది. నిజంగా మట్టే.

"నేను చచ్చిపోయాను."

పెదాలు బిగించాను. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. వేళ్ళ కింద పెదాలు వాటంతటవే కదిలాయి. "నేను... చచ్చి... పోయాను..."

ఊపిరి అందలేదు. అద్దాన్ని బాదాను. నా వెనక రెండో కుర్చీ కిర్రుమంది.

"నాది అయింది" అన్నాడాయన నెమ్మదిగా. "నా వెనక ఇంకా ఉన్నారు. వాళ్ళవి కూడా చెప్పు."

ఇంకో గొంతు. ఆ తర్వాత ఇంకోటి... ఇంకోటి...

"అమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నారా?"

మైకుల మేస్త్రి తలుపు తీసి నిలబడ్డాడు. హెడ్‌ఫోన్ జారి నా ఒళ్ళో పడింది. "తలుపుకి గడియ పడిపోయింది" అన్నాను ఎలాగో. "ఈ తలుపుకి గడియే లేదుగా" అన్నాడాయన. ఆయన చేతిలో సభలో ఇచ్చిన హెడ్‌ఫోన్ల పెట్టె ఉంది. "చూడండి, అన్నిటికీ బురదే. ఎక్కడినుంచి వచ్చిందో ఏమిటో!" అని విసుక్కుంటూ వెళ్ళాడు.

ఇంకా ఎండ ఉండగానే ఇల్లు చేరాను. తమ్ముడు చంకకర్ర మీద వచ్చి తలుపు తీసి, పక్కకి జరిగాడు. లోపలికి వచ్చాను. వాడి చూపు నా మీద లేదు. వాడి కళ్ళు గుమ్మం నుంచి గది మధ్యకి నెమ్మదిగా కదిలాయి, లోపలికి వస్తున్న ఎవరి వెంటో వెళ్తున్నట్టు.

"అక్కా..." గుసగుసలాడాడు. "ఆ మెడ... ఆ మచ్చ..."

నేను తిరిగి చూడలేదు. "తలుపు వెయ్యరా" అన్నాను.

"ఎలా వెయ్యను? ఇంకా వస్తున్నారు."

చీకటి పడేదాకా వాడు ఆ తలుపు పట్టుకునే నిలబడ్డాడు.