తెల్ల డ్రమ్ము లోపలి అతుకు

పెద్దకోడలు టీ గ్లాసులు పట్టుకుని మేడ దిగి వర్క్‌షాపులోకి వచ్చేసరికి మావగారు చిన్నకోడలికి పాఠం మొదలుపెట్టేశారు. పాత డ్రమ్ములు బాగుచేసే కుటుంబం వాళ్ళది. కింద వర్క్‌షాపు, పైన కాపురం. అన్నదమ్ములిద్దరూ తయారైన డ్రమ్ముల్ని వ్యానులో వేసుకుని వాయించేవాళ్ళకి చేరవేస్తారు. చెక్కపనంతా మావగారూ కోడళ్ళూ చూసుకుంటారు.

“తోలూ ఇనుప సామానూ విప్పేస్తే మిగిలే ఈ చెక్క గుండ్రాన్ని షెల్ అంటాం. ఎత్తి చూడమ్మా.”

“అబ్బ! దూదిలా ఉంది మావయ్యగారూ!”

“మూడే పొరలు మరి. పాతరోజుల్లో చెక్కని ఇంత పలచగా వంచేవాళ్ళు. గుండ్రం చెడకుండా లోపల అంచుల దగ్గర ఇదిగో, ఈ చెక్క రింగులు అతికించేవాళ్ళు. తర్వాత్తర్వాత పొరలు పెంచేసి రింగులు మానేశారు. బలంతో పాటు బరువూ పెరిగింది. మీ అక్క బల్ల మీదున్నవి ఆ రకమే.”

ఆ ‘అక్క’, అంటే పెద్దకోడలు, ఈ మాట విన్నది. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుకి టీ సగం ఒలికింది.

చిన్నకోడలి చేతిలోని ఆ తెల్ల డ్రమ్ము మావగారు వయసులో ఉండగా వాయించినది. ఇన్నాళ్ళూ అటక మీద గుడ్డ కప్పుకుని కూర్చుంది. “నేను బాగుచేస్తానండీ” అని పెద్దకోడలు ఎన్నిసార్లు అడిగినా “చూద్దాంలే” అనేవారు. నిన్నగాక మొన్న వచ్చిన చిన్నకోడలికి మాత్రం అడక్కుండానే దించి ఇచ్చారు! తను కొత్తగా పని నేర్చుకున్నప్పుడు తన చేతికొచ్చింది రంగూ రూపూ లేని ఓ బోడి షెల్. కడుపు మండదూ మరి?

“బరువులన్నీ నాకు, తేలికలన్నీ దానికి” అని లోపల్లోపల గొణుక్కుంటూ తన బల్ల మీది బండ షెల్ని అటు తిప్పింది. నడుము కలుక్కుమంది. ఆ కోపం కూడా తోటికోడలి ఖాతాలోకే పోయింది.

“అక్కా, కాస్త ఇటొచ్చి చూడవా? ఊడిన రింగుకి జిగురు రాశాను. క్లాంపు ఇంత బిగిస్తే చాలా?”

“నాకేం తెలుసమ్మా, మోటు పనులు చేసుకునేదాన్ని. మీ మావయ్యగారినే అడుగు.”

చిన్నది మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. పెద్దదానికి హాయిగా అనిపించింది. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. “భలే చేశావే, నీ చేతిలో ఒడుపుంది” అని మావగారు మెచ్చుకోవడం వినబడింది. ఇన్నేళ్ళలో తనని ఒక్కసారైనా అలా అన్నారా?

మధ్యాహ్నం అందరూ భోజనానికి పైకెళ్ళారు. పెద్దకోడలు మాత్రం తెల్ల డ్రమ్ము దగ్గర ఆగింది. జిగురు ఆరేదాకా రింగుని నొక్కిపట్టే ఆ ఇనుప క్లాంపుని పట్టుకుని కదిపి చూసింది. ‘ఒడుపట ఒడుపు! ఇదీ ఒక బిగింపేనా?’ అనుకుని, రోజూ బండ షెల్స్‌కి బిగించే చేత్తో గట్టిగా మరో చుట్టు తిప్పేసి చక్కా పోయింది.

మర్నాడు పొద్దున్నే కింద నుంచి ఏడుపు వినబడింది. క్లాంపు విప్పిన చోట తెల్ల డ్రమ్ము లోపలికి నొక్కుకుపోయి ఉంది. మీద తోలు బిగించే ఇనుప చట్రం పెడితే ఒక పక్క కూర్చోనంటోంది. రింగు కూడా చిట్లింది.

“నేనే ఎక్కువ బిగించేసినట్టున్నాను మావయ్యగారూ... మీ ప్రాణంలాంటి డ్రమ్ము...” చిన్నకోడలు వెక్కుతోంది.

పెద్దకోడలికి నిన్న తను తిప్పిన చుట్టు గుర్తొచ్చింది. పలచటి చెక్క మీద మందపు చెక్క బిగింపు! నోరు తెరవబోయింది. అంతలో మావగారు ఆ పిల్ల తల నిమిరారు.

“పోనీలేమ్మా. పాడుచెయ్యకుండా పని నేర్చుకున్నవాళ్ళెవరు?”

అంతే. చెప్పాలనుకున్న నిజం ఎటో పోయి, ఏళ్ళ తరబడి దాచుకున్నదంతా బయటికి తన్నుకొచ్చింది.

“నేనైతే ఇలాగే పోనీలే అనేవారా? ఒక్క అంచు తేడా వస్తే రోజంతా మొహం మాడ్చుకుంటారే! పన్నెండేళ్ళుగా గాడిదచాకిరీ చేస్తున్నాను. నాకు బండలు మిగిలాయి. దీన్నేమో నెత్తిన పెట్టుకుంటున్నారు!”

మావగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“నువ్వు తప్పు చేస్తే కోప్పడతాను. నీ బల్ల మీదవన్నీ వాయించుకుని బతికేవాళ్ళవి తల్లీ. అంచు వెంట్రుకవాసి తప్పినా వాళ్ళ నోటి దగ్గర కూడు పోతుంది. నేర్చుకునేవాళ్ళ చేతికి వాటిని ఇవ్వగలనా? ఇదైతే నాది. పాడైతే నేనొక్కణ్ణే బాధపడతాను.”

“మరి నాకెప్పుడూ ఇవ్వలేదేం?”

“ఇవ్వలేదని ఎవరన్నారు? ఆ కింది అంచు లోపల వేలు పెట్టి చూడు.”

పెద్దకోడలు వేలు పోనిచ్చింది. రింగు మీద ఒకచోట గరుగ్గా తగిలింది. వంగి చూసింది. వంకరగా కోసి, జిగురు పైకి పొంగేలా అతికించిన చిన్న చెక్కముక్క. ఆకురాయి జారి చెక్కని కొరికేసిన ఆ రోజు, తను వణుకుతూ వేసిన మొట్టమొదటి అతుకు.

“ఆ బోడి షెల్...”

“ఇదే. పై షీటు పీకేసి ఇచ్చాను. నాదని తెలిస్తే నీకు చెయ్యాడదని చెప్పలేదు. నీకు పని పట్టుబడ్డాక ఈ తెల్ల షీటు అంటించి అటకెక్కించాను.”

“మరి బాగుచేస్తానంటే ఎందుకు ఒప్పుకోలేదు?”

“ఇస్తే నువ్వు ముందు ఆ అతుకు పీకేసి కొత్తది వేస్తావు. నాకది అలాగే ఉండాలి.” ఆయన ఆ అతుకుని బొటనవేలితో నిమిరారు. “చిన్నదానికి నాదని చెప్పే ఇచ్చాను. పాడైనా భయం లేదు, సరిచేసే పెద్దదానివి నువ్వున్నావుగా.”

ఇన్నాళ్ళూ కళ్ళల్లో నిప్పులు పోసుకున్న మనిషికి ఆ కళ్ళల్లోంచే నీళ్ళు జలజలా రాలాయి.

“అది పాడుచెయ్యలేదు మావయ్యగారూ. నిన్న మీరు పైకెళ్ళాక నేనే ఇంకో చుట్టు బిగించాను. కుళ్ళుతో బిగించాను.”

“అయితే నేను కాదా!” చిన్నకోడలు గంతేసినంత పనిచేసి, వెంటనే నాలిక్కరుచుకుంది. “అది కాదక్కా... రాత్రి నిద్రపట్టలేదు, చెయ్యి సరిగ్గా బిగించిందో లేదో అని...”

“సంతోషించావులే, ఇలా రా.” పెద్దకోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆ పిల్లని దగ్గరికి లాక్కుంది. “నిన్న అడిగితే చెప్పలేదు కదూ? విను. జిగురు సన్నగా అంచున కనబడిందా, అక్కడితో ఆపెయ్యాలి. పలచటి చెక్క అంతకన్నా ఓర్చుకోదు.”

చెక్కకి ఆవిరి పట్టి, లోపల గుండ్రటి బల్లచెక్క దూర్చి, ఇద్దరూ కలిసి నెమ్మదిగా షెల్ని మళ్ళీ గుండ్రానికి తెచ్చారు. చిట్లిన రింగు దగ్గర పెట్టాల్సిన ముక్కని పెద్దకోడలు తను కొయ్యలేదు. చిన్నదాని చేతికి రంపం ఇచ్చి పక్కన నిలబడింది.

సాయంత్రం మావగారు కళ్ళజోడు పెట్టుకుని లోపలికి తొంగిచూశారు.

“కాస్త వంకరగా కోసినట్టుంది, పీకి మళ్ళీ వేయిద్దామా?”

“ముట్టుకుంటే ఊరుకోను మావయ్యగారూ” అంది పెద్దకోడలు. “అది అలాగే ఉండాలి.”