బొమ్మ పోకూడదు

బాలశౌరిని విస్సన్నపేట బస్టాండులో, మామిడికాయల గంపల మధ్య, సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో కాల్చారు. పక్కనున్నవాళ్లు వడదెబ్బ అనుకుని సోడా తెచ్చారు. చొక్కా మీద ఎర్ర మరక పెద్దదయ్యాక గానీ అది ఎండ చేసిన పని కాదని ఎవరికీ తట్టలేదు. ఆ పని చేసినవాడు అప్పటికే షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

2005 మే నెల. ఆ మధ్యాహ్నమే బెజవాడలో, విత్తనాల కంపెనీ బోర్డు తగిలించిన ఒక ఆఫీసు వెనక గదిలో, ఇంటెలిజెన్స్ చీఫ్ గురుచరణ్ ఒక ఫొటోను బల్ల మీదకి తోశాడు.

"బాలశౌరి మనవాడు. డిజిటల్ టీవీ ప్రాజెక్టులో టెక్నీషియన్‌గా పెట్టాం. చనిపోయే ముందు ఒక్క మాట పంపాడు. తిరువూరు."

"ఈ ఫొటోలో ఉన్నాయన?" ఏజెంట్ జయకృష్ణ అడిగాడు.

"సోమయాజులు. ప్రాజెక్టు ఇంజనీరు. నాలుగు రోజులుగా మాయం."

విషయం ఇదీ. బెజవాడ దగ్గర కొండ మీద ప్రయోగాత్మకంగా ఒక డిజిటల్ ట్రాన్స్‌మిటర్ పెట్టారు. డిష్ అక్కర్లేదు, కేబుల్ అక్కర్లేదు. మేడ మీద మామూలు యాంటెన్నా, టీవీ పక్కన ఒక బాక్సు ఉంటే చాలు, డెబ్భై కిలోమీటర్ల దాకా అద్దంలో చూసినట్టు బొమ్మ వస్తుంది. ఆ బాక్సులు సప్లై చేసే కంపెనీలోకి ఒక విదేశీ ముఠా దూరింది. పాలల్లో నీళ్లు కలిపినట్టు, ప్రసారంలో తన రహస్య ఆర్డర్లను కలిపేస్తోంది. కోస్తా అంతటా దాక్కున్న దాని మనుషులు ఇంట్లో కూర్చుని, పిల్లలతో పాటు టీవీ చూస్తూ ఆ ఆర్డర్లు అందుకుంటున్నారు. ట్యాప్ చేయడానికి ఫోన్ లేదు, పట్టుకోవడానికి ఉత్తరం లేదు.

"ఈ సంగతి కనిపెట్టింది సోమయాజులు ఒక్కడే. ఏ బాక్సు ఎవరింట్లో ఆ ఆర్డర్లు చదువుతోందో చెప్పగలిగింది కూడా ఆయన ఒక్కడే. ఆయన బతికుంటే ముఠా మొత్తం మన చేతిలో ఉంటుంది. పోతే మనం తలుపు కొట్టాల్సిన ఇల్లు ఏదో కూడా తెలీదు."

"నాయకుడు?"

"ట్యూనర్ అంటారు. అసలు పేరు తెలీదు. విదేశీ కన్సల్టెంట్ వేషంలో ఈ రోజు కొండ మీద కంట్రోల్ రూములోనే ఉన్నాడు. ఇప్పుడు పట్టుకుంటే సోమయాజులు శవంగా దొరుకుతాడు." గురుచరణ్ గొంతు తగ్గించాడు. "పక్కనే కౌముది ఉంది."

కౌముది పేరు వినగానే జయకృష్ణ కళ్లు చిన్నవయ్యాయి. బాక్సుల కంపెనీ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్. ఆమె కంచిపట్టు చీర కట్టుకుని హాల్లోకి వస్తే ప్రెజెంటేషన్ స్క్రీన్ వైపు చూసే మగాడు ఉండడు. నిజానికి ముఠా మనిషి. ఆరు నెలల నుంచి డబుల్ ఏజెంట్.

"మనకీ పనిచేస్తోంది, వాళ్లకీ పనిచేస్తోంది," అన్నాడు గురుచరణ్. "ఎవరికి ఎక్కువ చేస్తోందో నాకింకా లెక్క తేలలేదు. నువ్వు తిరువూరు బయల్దేరు. ప్రాజెక్టువాళ్లు అక్కడ ఒక మేడ అద్దెకు తీసుకున్నారు. సిగ్నల్ అందే చిట్టచివరి ఊరు అదే."

* * *

సాయంత్రానికి జయకృష్ణ తిరువూరులో మెకానిక్ వేషంలో దిగాడు. మాసిన ఖాకీ చొక్కా, భుజాన కేబుల్ చుట్ట, చేతిలో టూల్స్ సంచి. సంచి అడుగున పిస్టల్. పడమటి ఆకాశం కాటుక పులిమినట్టు ఉంది. మార్కెట్ యార్డు వెనక వీధిలో ఆ ఇల్లు వెతకనక్కర్లేకపోయింది. మేడ మీద అంత పొడుగు పైపుకి యాంటెన్నా కట్టిన ఇల్లు ఆ వీధిలో అదొక్కటే.

కింది వాటాలో ఇంటావిడ సీతారావమ్మ వడియాలు ఎత్తుతోంది. వయసు అరవై దాటింది గానీ గొంతుకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

"ఎవరయ్యా నువ్వు?"

"మేడ మీద బాక్సు చూడ్డానికి వచ్చానండి."

"అందరూ చూడ్డానికి వచ్చేవాళ్లే. ఆ పెద్దాయన ఎక్కి నాలుగు రోజులైంది. క్యారేజీ నిండుగా పైకెళ్తది, ఖాళీగా కిందికొస్తది. మనిషి మాత్రం రాడు. కాపలాకి ఒకడున్నాడు, పలకరిస్తే కరుస్తాడు."

"ఒక్కడేనా అండి?"

"ఒక్కడికే ఈ గోలంతా. చెప్పులు విప్పి ఎక్కు, మెట్లు ఇప్పుడే కడిగాను."

జయకృష్ణ చెప్పులు విప్పాడు. చప్పుడు కాకుండా ఎక్కడానికి అంతకన్నా మంచి సలహా ఏ ట్రైనింగులోనూ ఎవరూ ఇవ్వలేదు.

తలుపు తీసిన కాపలావాడు "ఎవర్రా" అనబోయాడు. ఆ మాట పూర్తి కాకముందే కేబుల్ చుట్ట వాడి మెడలో పడి బిగిసింది. అర నిమిషంలో వాడు స్పృహ తప్పి గుమ్మం పక్కన ఒరిగాడు. అదే కేబుల్‌తో వాడి చేతులు వెనక్కి విరిచి కట్టి జయకృష్ణ లోపలికి నడిచాడు.

గది మధ్యలో కుర్చీ. కుర్చీలో సోమయాజులు. నాలుగు రోజుల గడ్డం, ఎండిన పెదాలు. ఛాతీకి నల్లటి కవచం బిగించి ఉంది, దానిమీద ఎర్ర దీపం. కవచం నుంచి ఒక వైరు టీవీ పక్కనున్న బాక్సులోకి వెళ్తోంది. టీవీలో ఎవరో రైతు పత్తికి పట్టిన తెగులు గురించి చెబుతున్నాడు.

"బాబూ, ఆ వైరు ముట్టుకోకు," అన్నాడాయన. "ఇది పేలుడు కవచం. కొండ మీద నుంచి సిగ్నల్ వస్తున్నంతసేపే ఊరుకుంటుంది. ఆగిందంటే పది సెకన్లు. వైరు పీకినా అంతే. వాళ్ల గుట్టు ఇంకెవరికి చెప్పానో కక్కేదాకా నన్ను చంపరట."

"విప్పే దారి లేదా మేష్టారూ?"

"ఉంది. కొండ మీద నుంచి రిలీజ్ కోడ్ పంపాలి. ఈ బాక్సు దాన్ని అందుకోవాలి. అంటే అప్పటిదాకా ఆ రైతు బొమ్మ పోకూడదు."

జయకృష్ణ ఫోన్ తీసి నంబర్ నొక్కాడు. రెండో రింగుకి అవతల ఆడగొంతు పలికింది.

"చిన్నరసాలు దిగాయా?" అన్నాడు.

"ఈ ఏడు పూతే నిలవలేదు," అంది కౌముది. కోడ్ సరిపోయింది. "త్వరగా చెప్పు. ట్యూనర్ పక్క గదిలో ఉన్నాడు."

"ఆయన దొరికాడు. రిలీజ్ కోడ్ కావాలి."

"అతని లాప్‌టాప్‌లో ఉంది. అతన్ని దాటుకుని వెళ్లాలి. ఎంతసేపు పడుతుందో తెలీదు."

"కౌముదీ, నువ్వు ఎటువైపు?"

"అదే లాప్‌టాప్‌లో చంపే కోడ్ కూడా ఉంది. నేను ఏది పంపానో నీకు అక్కడే తెలుస్తుంది."

లైన్ కట్టయింది. అంతలో గాలి లేచింది.

తిరువూరులో గాలి లేస్తే ముందు పోయేది కరెంటు. పైన ఫ్యాను ఆగింది. టీవీ, బాక్సు యూపీఎస్ మీద ఉన్నాయి కాబట్టి ఆగలేదు. కానీ కరెంటు పోతూ పోతూ ఒక్కసారి ఎగదన్ని, టీవీ వెనకున్న బూస్టర్‌ని కాల్చేసింది. ప్లాస్టిక్ కాలిన వాసన గుప్పుమంది. దూరం నుంచి నీరసంగా వచ్చే సిగ్నల్‌కి బలం పోసేది ఆ బూస్టరే. రైతు ముఖం గళ్లు గళ్లుగా విడిపోయి నల్లబడింది.

కవచం కీచుమంది.

"ఒకటి," అన్నాడు సోమయాజులు నిబ్బరంగా. "రెండు. బూస్టర్ తీసెయ్. మూడు. కేబుల్ నేరుగా బాక్సులో పెట్టు. నాలుగు."

జయకృష్ణ బూస్టర్‌ని పీకేశాడు. పిన్ వంకరపోయింది. పళ్లతో సరిచేశాడు. "ఏడు" దగ్గర కేబుల్ దూరింది. రైతు మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. కీచు ఆగింది.

"సరిపోదు," అన్నాడు సోమయాజులు. నుదుటి చెమట కంట్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు. "పాత టీవీ అయితే సిగ్నల్ తగ్గితే చుక్కలు పడతాయి, వర్షం పడ్డట్టుంటుంది, అయినా ఏదో కనబడుతుంది. డిజిటల్‌కి మధ్యేమార్గం లేదు నాయనా. ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఇప్పుడు అంచు మీద ఉన్నాం. గాలికి యాంటెన్నా తిరిగిందో, మనం పోయాం. నువ్వు పైకెళ్లి పట్టుకో."

"బొమ్మ సంగతి నాకెలా తెలుస్తుంది?"

"తిరువూరులో అందరికీ ఎలా తెలుస్తుందో అలాగే. అమ్మా సీతారావమ్మగారూ," అని ఆయన గొంతెత్తి పిలిచాడు. "ఒక్కసారి మెట్ల మీద నిలబడాలండి."

* * *

పైన గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. చినుకులు రాళ్లలా తగులుతున్నాయి. జయకృష్ణ రెండు చేతులా పైపుని కావలించుకున్నాడు. సంచిలోని సిగ్నల్ మీటర్ని బయటికి తీసిన క్షణంలోనే వాన దాన్ని చంపేసింది. మిగిలింది సీతారావమ్మ గొంతు.

"బొమ్మ ఉందంట," అంది ఆవిడ మెట్ల మలుపు నుంచి. "కదిలించమాక."

"సరేనండి."

"ఎడంపక్కకి రెండు డిగ్రీలంట. డిగ్రీలేంటో నాకు తెలవదు. విస్సన్నపేట వైపు కొంచెం తిప్పు."

తిప్పాడు.

"మరీ అంత కాదు. నువ్వు విస్సన్నపేట దాకా పోయావు. మళ్లీ మైలవరం వైపు రా. ఆఁ, అక్కడుంచు."

మెరుపు మెరిసింది. ఊరంతట్లోకీ ఎత్తయిన ఇనప పైపు తన చేతుల్లో ఉందన్న సంగతి జయకృష్ణకి అప్పుడు గుర్తొచ్చింది. వదిలి కిందికి దిగితే పది సెకన్లలో వీధి చివరికి చేరొచ్చు. ఆవిడని కూడా లాక్కెళ్లొచ్చు. కుర్చీలో ఉన్న మనిషి ఒక్కడే చేరలేడు. చంపే కోడ్ వచ్చినా అందుకునేది ఈ యాంటెన్నాయే. తను పట్టుకున్నది ఆయన ప్రాణమో, ఆయన ఉరితాడో చెప్పగలిగింది కొండ మీది ఆడమనిషి ఒక్కతే. అతను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఒక పెద్ద విసురు వచ్చింది. పిట్టగోడకి పైపుని బిగించిన క్లాంపు ఫట్‌మని ఊడింది. పైపు గిర్రున గంపలగూడెం వైపు తిరిగింది.

"పోయిందంటయ్యా," అంది సీతారావమ్మ. "ఒకటి అంటన్నాడు."

జయకృష్ణ పైపుని వెనక్కి లాగాడు. అది అతన్నే లాగింది.

"రెండంటన్నాడు. ఏంటీ లెక్క? ఎవరికి చెబుతున్నాడు?"

"మీరు చెబుతూ ఉండండి."

"మూడు. నాలుగు."

మైలవరం వైపు తిరిగింది. "వచ్చిందా?"

"రాలేదంట. ఎత్తు చాలదంట. అయిదు."

పక్కనే నీళ్ల ట్యాంకు. జయకృష్ణ పైపుని భుజాన వేసుకుని, ఉత్త కాళ్లతో తడి సిమెంటు మీద పాకాడు. మోకాలు చిట్లింది. ట్యాంకు మూత మీద మోకరించి, లేచి, పైపుని రెండు చేతులా ఆకాశంలోకి ఎత్తాడు. భుజాల్లో నరాలు తెగుతున్నట్టున్నాయి.

"ఎనిమిదన్నాడు."

"వచ్చిందా?"

"తొమ్మిది."

అప్పుడే ఆకాశం బద్దలైంది. కళ్లు బైర్లు కమ్మే వెలుగు, వెంటనే ఇల్లు అదిరే చప్పుడు. కాళ్లకింద ట్యాంకు వణికింది. అది పిడుగో, కింది గదిలో పేలిన కవచమో అతనికి తెలియలేదు.

"సీతారావమ్మగారూ."

అతను మళ్లీ అరిచాడు.

"అమ్మా. ఏమంటున్నాడు?"

వాన తప్ప ఏమీ వినబడలేదు. అతను పైపు దించలేదు. దించితే ఆయన చచ్చిపోయాడని తనే తీర్మానించినట్టవుతుందని అనిపించింది. చేతులు చచ్చుబడుతున్నా అలాగే నిలబడ్డాడు. ఎంతసేపో అతనికే తెలియదు.

చివరికి తడిసిన చీరకొంగు నెత్తిన కప్పుకుని సీతారావమ్మ మెట్ల పైకి వచ్చింది.

"ఏమీ అనటం లేదయ్యా," అంది. "ఆ కవచం ఊడి ఒళ్లో పడింది. దానిమీద ఎర్ర దీపం ఆరిపోయింది. ఆయన ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు. నేను మంచినీళ్లిచ్చి వచ్చాను." అతను గదిలో వదిలేసిన ఫోన్‌ని చెవికి ఆనించింది. "ఇది గుక్కపట్టి మోగుతోంది, చూసుకో."

"పంపుతూనే ఉన్నాను," అంది కౌముది. రొప్పుతోంది. "ఒక్కసారి పంపితే మీ బాక్సు అందుకుంటుందో లేదోనని, వేలు తియ్యకుండా పంపుతూనే ఉన్నాను. ఆయన..."

"ఉన్నాడు. ట్యూనర్?"

"జనరేటర్ గదిలో పెట్టి గొళ్లెం వేశాను. తలుపు బాదుతున్నాడు. మీ చీఫ్‌ని త్వరగా రమ్మను. గొళ్లెం పాతది. జయకృష్ణా, నువ్వు అక్కడి నుంచి పారిపోతావేమో అనుకున్నాను."

"నేనూ నీ గురించి అలాంటిదే అనుకున్నాను," అన్నాడతను.

రాత్రికి సోమయాజులు చెప్పబోయే ఇళ్ల మీద పోలీసులు పడతారు. తెల్లారేసరికి ముఠా ఉండదు. జయకృష్ణ పైపుని మెల్లగా కిందికి వంచబోయాడు.

కింద టీవీలో పాట వినబడుతోంది. సీతారావమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"దించబాకయ్యా. ఇప్పుడే సీరియల్ మొదలైంది. ఈ ఇంట్లో బొమ్మ ఇంత బాగా ఎప్పుడూ రాలా. ఒక్క అరగంట అట్టాగే పట్టుకో."

సర్వీసు మొత్తంలో జయకృష్ణ కారణం అడక్కుండా పాటించిన ఆర్డరు అదొక్కటే.